‘టక్’ మహారాజుకు ఒక విన్నపం

మా కారు పెట్రోలు ట్యాంకు మహారాజుకు,

తిరుపతి నుంచి తమరి యజమానినని ఇన్నాళ్లూ భ్రమపడినవాడు రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మొన్నటిదాకా నా వైపు కుశలం లేదు, తమరి వైపు పెట్రోలు లేదు.

తమరి కడుపు 35 లీటర్లని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. రేణిగుంట రోడ్డు బంకులో మాత్రం అర లీటరు పడీ పడకముందే గన్ను ‘టక్’మని ఆగిపోయేది. కుర్రాడు మళ్లీ నొక్కితే మళ్లీ ‘టక్’. తమరికి వెయ్యి రూపాయల పెట్రోలు పట్టేలోపు పక్క గన్ను దగ్గర ఏడు బండ్లు వచ్చి, పోయించుకుని, వెళ్లిపోయాయి. చివరికి ఆ కుర్రాడు గన్నును తలకిందులు చేసి, సగం బయటికి లాగి, పసిబిడ్డకు ఉగ్గు పెట్టినట్టు సన్నగా వదిలాడు. మా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, “అన్నప్రాశన ఇంకెంతసేపండీ?” అని అడిగింది.

ఎవరు ఏ వైద్యం చెబితే అది చేశాను. కారును ఊపితే పెట్రోలు సర్దుకుంటుందన్నాడు మా బావమరిది. ఇద్దరం వెనకనుంచి ఊపుతుంటే, బండి కదలడం లేదనుకుని వరుసలోని ఒక పెద్దాయన పరుగున వచ్చి తోశాడు. పాపం, ఆయన మోకాలికి దెబ్బ తగిలింది. అలిపిరి దగ్గర వాహన పూజ కూడా చేయించాను. నిమ్మకాయలు నాలుగూ నలిగాయి, తమరు నలగలేదు. గంగ జాతరలో వేషం కట్టి బూతులు తిట్టడం మా ఊరి మొక్కుబడి. తమరి విషయంలో నేను జాతర దాకా ఆగలేకపోయాను.

మధ్యలో గన్నునూ అనుమానించాను, పాపం. దాని మూతి చివర ఒక చిన్న చిల్లు ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ ఆ చిల్లు గాలి పీలుస్తూ ఉంటుంది. పెట్రోలు పైకి వచ్చి చిల్లును కప్పేస్తే గాలి అందక, లోపలి పొర ముడుచుకుని మీట వదిలేస్తుంది. అందులో కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. అంటే గన్ను చెప్పింది నిజమే. తమరి కడుపు ఖాళీగా ఉన్నా గొంతు మాత్రం నిండిపోతోంది.

కరకంబాడి రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. మెకానిక్ తమరిని ముట్టుకోకుండానే, “మూత తీస్తే బుస్సుమంటుందా సార్?” అన్నాడు. అంటుందన్నాను. “మరి పెట్రోలు లోపలికి వస్తుంటే లోపలి గాలి ఎటు పోవాలి?” అన్నాడు.

ఈ ప్రశ్నకు తిరుపతివాడు తడుముకోకూడదు. కొండకు 1944లో ఒక ఘాట్ రోడ్డు పడింది. ఎక్కే బండ్లూ దిగే బండ్లూ దాని మీదే. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి పాతది అయ్యాయి. తమరికీ రెండు దారులు ఇచ్చే పంపారట. లావు గొట్టంలో పెట్రోలు దిగుతుంటే, సన్న గొట్టంలో గాలి బయటికి పోవాలి. తమరు దిగేవాళ్ల దారి మూసేసి ఎక్కేవాళ్లను నిలబెట్టారు.

బండిని పైకెత్తి చూస్తే గాలి గొట్టం కొసన ఒక కందిరీగ మట్టితో ఇల్లు కట్టుకుని ఉంది. గొట్టాన్ని ఊడదీసి, తీగతో మట్టి గీకి, గాలి కొట్టించాడు. బంకుకు వెళితే ఈసారి సగం దాకా బాగానే తాగి, తమరు మళ్లీ ‘టక్’. వెనక్కి వచ్చాం.

అప్పుడు బయటికి వచ్చింది బొగ్గు డబ్బా. తమరిలోంచి లేచే పెట్రోలు ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుతుందట, ఇంజను తిరిగేటప్పుడు దాన్ని పీల్చి కాల్చేస్తుందట. తేలిగ్గా ఉండాల్సిన డబ్బా ఇటుకలా బరువుగా ఉంది. వంచితే పెట్రోలు కారింది. బొగ్గు తడిసి ముద్దయితే దానిలోంచి గాలి ఇంకేం పోతుంది?

“దీంట్లోకి ఆవిరే రావాలి సార్. గన్ను ఆగిపోయాక కూడా పోయిస్తారా?” అన్నాడు మెకానిక్.

మహారాజా, సరిగ్గా ఆ క్షణంలో గోడ మీది శ్రీవారి క్యాలెండరులో ఏకాదశి ఎప్పుడో చూడాల్సిన అవసరం నాకు కలిగింది. మా ఆవిడ మాత్రం క్యాలెండరు వైపు చూడలేదు. పన్నెండేళ్లుగా ప్రతి బంకులోనూ, గన్ను ఆగిన ప్రతిసారీ, “చిల్లర ఎందుకు, పై వందకు సరిచేయి” అని నేను అనడం ఆవిడ పక్క సీట్లో కూర్చుని వింటూనే ఉంది. కందిరీగ చేసింది ఒక్క తప్పు. నేను చేసినవి లెక్కపెట్టడానికి ఆవిడకు వేళ్లు చాలలేదు.

కొత్త డబ్బా ఖరీదు ఇక్కడ రాయను. ఈ ఉత్తరం ఇంట్లో ఇంకొకరు కూడా చదువుతారు.

నిన్న మళ్లీ అదే బంకు. గన్ను పెట్టాడు, తమరు గటగటా తాగారు, ఒకే ఒక్క ‘టక్’. మీటరు 2,387 దగ్గర ఆగింది. “2,400 చేయమంటారా సార్?” అన్నాడు కుర్రాడు. పక్క సీట్లోంచి చిన్న దగ్గు వినిపించింది.

వద్దన్నాను. పదమూడు రూపాయలకు వచ్చేది టీ గ్లాసుడు పెట్రోలు. దాని కోసం నాలుక ఎంత పీకిందో తమరికి ఒక్కరికే చెబుతున్నాను.

ఇట్లు,
తమరికి గొంతు దాకా పోయించినవాడు