అమెరికాలోని మన విద్యార్థులకు పంపుతున్న ఆ ‘ఫెలనీ’ మెసేజ్ ప్రమాదకరం

దుకాణంలో దొంగతనం చేసి దొరికితే ఏం చేయాలో చెప్పే ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ‘అమెరికాలో ఉన్న మన పిల్లలందరికీ చేరేదాకా పంపండి’ అనే విజ్ఞప్తితో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల నుంచి డాలస్, న్యూజెర్సీ విద్యార్థుల గ్రూపుల దాకా తిరుగుతోంది. పంపేవాళ్లది మంచి ఉద్దేశమే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ అందులోని సలహా పాటిస్తే చదువూ వీసా పోతాయి, చదువు కోసం ఇంటివాళ్లు చేసిన అప్పు మీద పడుతుంది.

మెసేజ్ చెప్పేది ఇది. వెయ్యి డాలర్లలోపు వస్తువు దుకాణంలో దొంగిలిస్తే ఏ రాష్ట్రంలోనూ ఫెలనీ (పెద్ద నేరం) కాదు. మిస్‌డెమీనర్ (చిన్న నేరం) వల్ల వీసాకు ఇబ్బంది లేదు. మొదటిసారి దొరికినవాళ్లు నేరం ఒప్పేసుకుంటే జడ్జి వదిలేస్తారు, రికార్డు చెరిగిపోతుంది. వస్తువు తిరిగిచ్చినా కేసు పోతుంది. ఫెలనీ పెడితే మాత్రం ఇరవై ఏళ్లు జైలు ఖాయం, కనుక వాయిదాకు ముందే ఇండియా వచ్చేయాలి. లాయరు వచ్చేదాకా పోలీసులతో మాట్లాడకూడదు.

వెయ్యి డాలర్ల లెక్క వర్జీనియా లాంటి కొన్ని రాష్ట్రాలది. దాన్ని దేశమంతటికీ అంటగట్టారు. ఇల్లినాయిస్‌లో దుకాణం సరుకు విలువ 300 డాలర్లు దాటితే చాలు, ఫెలనీ. న్యూజెర్సీలో 200 డాలర్ల దగ్గరే ఫెలనీతో సమానమైన నాలుగో డిగ్రీ నేరమవుతుంది, పద్దెనిమిది నెలల దాకా శిక్ష వేయవచ్చు. 500 దాటితే మూడో డిగ్రీ, శిక్ష మూడు నుంచి ఐదేళ్లు. టెక్సస్‌లో ఫెలనీ 2,500 డాలర్ల దగ్గర మొదలవుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చదివే అమ్మాయికి వర్జీనియా లెక్క పంపి ‘భయం లేదు’ అని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

వస్తువు తిరిగిస్తే కేసు పోదు. కేసు నడిపేది ప్రభుత్వం, దుకాణం కాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘నేరం ఒప్పేసుకోండి, రికార్డు చెరిగిపోతుంది’ అన్న మాట. టెక్సస్‌లో దీన్ని డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు. నిందితుడు నేరం ఒప్పుకుంటాడు, లేదా కాదనకుండా ఊరుకుంటాడు. జడ్జి దోషిగా ప్రకటించకుండా కొంతకాలం పర్యవేక్షణలో ఉంచి, షరతులన్నీ పాటిస్తే కేసు కొట్టివేస్తారు. టెక్సస్ చట్టం ప్రకారం అతను దోషి కాదు. అమెరికా పౌరుడికైతే మంచి అవకాశమే. వీసా మీద ఉన్నవాడి సంగతి వేరు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో విధిస్తే చాలు, ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష పడినట్టే లెక్కిస్తుంది. 1996 నుంచి చట్టంలో నిర్వచనమే అది. తరవాత రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా, రికార్డు మూసేసినా ఆ లెక్క సాధారణంగా మారదు. ఒప్పుకున్న క్షణంలోనే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

‘మిస్‌డెమీనరే కదా’ అన్న ధీమా కూడా ఇక్కడే కూలుతుంది. దొంగతనాన్ని ఇమ్మిగ్రేషన్ చట్టం సాధారణంగా నైతిక పతనాన్ని సూచించే నేరాల్లో చేరుస్తుంది. దేశంలోకి అనుమతించిన ఐదేళ్లలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడే అవకాశం ఉంటే, ఆ వ్యక్తిని దేశం నుంచి పంపించవచ్చు. నిజంగా ఎన్ని రోజులు జైల్లో ఉన్నాడన్నది చూడరు, ఆ సెక్షన్ కింద గరిష్ఠంగా ఎంత వేయవచ్చన్నదే చూస్తారు. టెక్సస్‌లో 700 డాలర్ల దొంగతనం క్లాస్ బి మిస్‌డెమీనర్, గరిష్ఠం 180 రోజులు. 800 డాలర్లదైతే క్లాస్ ఏ, గరిష్ఠం ఏడాది. రెండూ మిస్‌డెమీనర్లే, రెండింటిలోనూ పిల్లాడు జరిమానా కట్టి ఇంటికి రావచ్చు. కానీ ఒకదానితో దేశంలో ఉండే అవకాశం మిగులుతుంది, రెండోదానితో తలుపు మూసుకుపోవచ్చు. కాలిఫోర్నియా 2015లో మిస్‌డెమీనర్ల గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి 364 రోజులకు తగ్గించింది. ఆ ఒక్క రోజు తేడా ఎవరి కోసమో ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు ఆలోచించాడా? కోర్టులో మన పిల్లాడి పక్కన ఆయన వచ్చి నిలబడతాడా?

నేరం ఒప్పుకోకుండానే కేసును పక్కన పెట్టే ప్రీట్రయల్ డైవర్షన్ లాంటి మార్గాలు చాలా చోట్ల ఉన్నాయి. క్లాస్ ఏ నుంచి క్లాస్ బికి తగ్గించేలా ప్రాసిక్యూటర్‌తో మాట్లాడవచ్చు. ఇవన్నీ ఒప్పుకోకముందు చేయాల్సిన పనులు. ‘ముందు ఒప్పేసుకోండి’ అనే సలహా సరిగ్గా ఈ దారులనే మూసేస్తుంది.

చెరిగిపోయిందనుకుని తరవాత వీసా దరఖాస్తులో దాచడం ఇంకో గొయ్యి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పండి అని డీఎస్-160 ఫారం సూటిగా అడుగుతుంది. ‘లేదు’ అని రాసి అబద్ధమని తేలితే, అసలు నేరం చిన్నదైనా అబద్ధం మాత్రం జీవితాంతం వెంటాడవచ్చు.

ఇరవై ఏళ్ల జైలు ఖాయమన్నదీ తప్పే. సెక్షన్‌లో ఉండేది గరిష్ఠ పరిమితి. టెక్సస్‌లో అట్టడుగు ఫెలనీకి శిక్ష 180 రోజుల నుంచి రెండేళ్లు, పైగా పదివేల డాలర్ల దాకా జరిమానా. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? అందులో విద్యార్థులను చేర్పించినందుకు ఫెడరల్ ఫెలనీ కేసులు ఎదుర్కొన్న ఎనిమిది మందికి గరిష్ఠంగా ఐదేళ్లు పడవచ్చని మొదట ప్రకటించారు. చివరికి పడినవి ఏడాది, ఏడాదిన్నర, రెండేళ్ల లాంటి శిక్షలు. ఇక అక్కడ చేరిన విద్యార్థుల మీద క్రిమినల్ కేసులే లేవు, ఇమ్మిగ్రేషన్ ఉల్లంఘన ఒక్కటే. అయినా వందల మంది దేశం వదలాల్సి వచ్చింది. క్రిమినల్ కోర్టు దారి వేరు, ఇమ్మిగ్రేషన్ దారి వేరు. మెసేజ్ మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఈ రెండింటినీ కలిపేసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫెలనీ అనగానే వెనక్కి పంపేస్తారని నాతో వాదించేవాళ్లదీ పొరపాటే. మద్యం మత్తులో కారు నడిపి ఒకరిని గాయపరిచిన ఫెలనీ, దేశం నుంచి పంపేయడానికి ఇమ్మిగ్రేషన్ చట్టం చెప్పే తీవ్ర నేరాల కిందికి రాదని 2004లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. మరోవైపు ఏడాది శిక్ష పడిన దొంగతనం, ఆ శిక్ష అమలును నిలిపివేసినా, రాష్ట్రం దాన్ని మిస్‌డెమీనర్ అన్నా, తీవ్ర నేరాల్లోకి వస్తుంది.

ఇండియాకు పారిపొమ్మన్న సలహా మాత్రం క్షమించరానిది. వాయిదాకు వెళ్లకపోతే వారంటు వస్తుంది. టెక్సస్‌లో ఫెలనీ కేసు వాయిదా ఎగ్గొట్టడమే విడిగా మూడో డిగ్రీ ఫెలనీ, రెండు నుంచి పదేళ్ల శిక్ష. అంటే రెండేళ్లకు మించని కేసు నుంచి పారిపోయి పదేళ్ల కేసు తెచ్చుకోవడం.

పోలీసుల ముందు లాయరు లేకుండా మాట్లాడవద్దన్నది సరైన సలహా. దానికి నేను ఇంకొకటి చేరుస్తాను. క్రిమినల్ లాయరు తన కక్షిదారుకు దేశ బహిష్కరణ ముప్పు గురించి చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి నేరం ఒప్పుకునే పత్రం మీద సంతకానికి ముందే ‘దీని వల్ల నా వీసాకేమవుతుంది’ అని అడగండి, వీలైతే ఇమ్మిగ్రేషన్ లాయరుతో కూడా చూపించండి. జైలు శిక్ష పడే కేసులో డబ్బు లేనివాళ్లకు క్రిమినల్ కోర్టు ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇస్తుంది, పౌరసత్వం అడగదు. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఆ హక్కు లేదు, అక్కడ లాయరు ఫీజు మీరే కట్టుకోవాలి.