వైశ్యులకు మత్తు పడదన్న ప్రచారంలో నిజమెంత?

"వైశ్యులకు మత్తు ఇంజెక్షన్ పడదు, ఆపరేషన్‌కి వెళితే తిరిగి లేవరు" అనే మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అది చదివి, చేయించుకోవాల్సిన హెర్నియా ఆపరేషన్ కూడా వాయిదా వేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

"మత్తు పడదు" అన్నది తప్పు. పడనిది ముఖ్యంగా ఒక్క మందు, సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్లో మేం దాన్ని స్కోలిన్ అంటాం. అది నిద్ర పుచ్చదు. ఊపిరి అందించే ట్యూబ్ గొంతులో వేయడానికి కండరాలను వదులు చేస్తుంది, అంతే. నిద్రకిచ్చే ప్రొపోఫాల్‌కీ, వెన్నులో ఇచ్చే బుపివకైన్‌కీ ఈ ఇబ్బంది లేదు.

"తిరిగి లేవరు" అన్నదైతే మరీ అన్యాయం. కాలేయంలో తయారయ్యే ఒక ఎంజైమ్ రక్తంలో స్కోలిన్‌ని విరగ్గొడుతుంది, అందుకే దాని పని నిమిషాల్లో అయిపోతుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ లేనివాళ్లలో గంటలు పడుతుంది. ఆ గంటల్లో గుండె బాగానే కొట్టుకుంటుంది, ఊపిరి తీసే కండరాలే కదలవు. కాబట్టి వెంటిలేటర్ మీద ఉంచుతాం. నిద్రమందు కూడా ఆపకూడదు. ఆపితే మనిషికి తెలివొస్తుంది, అన్నీ వినిపిస్తాయి, కనురెప్ప కూడా కదపలేడు. అంతకన్నా నరకం ఉండదు. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి బొటనవేలు ఎంత గట్టిగా అదురుతోందో చూస్తాం. బలం పూర్తిగా వచ్చాకే ట్యూబ్ తీస్తాం.

"వైశ్యులందరికీ" అన్నదీ నిజం కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ సమస్య. కోయంబత్తూరు వైశ్యుల మీద 2006లో వెలువడిన అధ్యయనంలో దాదాపు 25 మందిలో ఒకరికి కనిపించింది. మిగతా సమాజాల కంటే అది చాలా ఎక్కువే, జాగ్రత్త పడాల్సిందే. అరుదుగా ఇతర కులాల్లోనూ ఉంటుంది.

"స్కోలిన్ లేకపోతే ట్యూబ్ వేయడమే కష్టం" అనీ రాస్తున్నారు. కండరాలను వదులు చేసే మరో మందు రోక్యురోనియం పెద్ద మోతాదులో ఇస్తే నిమిషంలో పనిచేస్తుంది, దానికి విరుగుడు సుగమడెక్స్ ఉంది. నోరు తెరుచుకోని, మెడ వంగని పేషెంట్లకైతే అసలు కండరాలు వదులు చేయకుండానే, లిగ్నోకైన్‌తో గొంతు తిమ్మిరెక్కించి, మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం సాయంతో ట్యూబ్ వేయొచ్చు. వాళ్ల ఊపిరి వాళ్లే తీసుకుంటూ ఉంటారు.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చూసేటప్పుడు "మా ఇంట్లో ఫలానావాళ్లకి ఊపిరి ఆలస్యంగా వచ్చింది, వెంటిలేటర్ మీద ఉంచారు" అని తప్పకుండా చెప్పండి. ఆ ఎంజైమ్‌ని చూసే సూడోకోలినెస్టరేజ్ అనే రక్తపరీక్షతో విషయం తేలుతుంది. ఒకరికి లోపం బయటపడితే తోడబుట్టినవాళ్లకీ చేయించాలి. వాళ్లలో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం కనీసం నాలుగో వంతు.