తాతీత తాతితి తాత తేతితా!

మూడున్నరేళ్ళ పిల్లాడు కాకిని 'తాతి' అన్న మరుక్షణం ఇంట్లో ఏం జరగాలో తరతరాలుగా స్థిరపడే ఉంది. వాణ్ణి హాలు మధ్యలో నిలబెట్టాలి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ ముందు "ఏదీ, మళ్ళీ అను" అనాలి. వాడు మళ్ళీ 'తాతి' అనాలి. అందరూ విరగబడి నవ్వాలి. నవ్వు ఆగాక పెదనాన్న కళ్ళెర్రజేసి "తాతి కాదురా, కా...కి!" అని గద్దించాలి. అయిదారు విడతలకు వాడు నోరు మూసుకుంటాడు. తప్పు ఉచ్చారణ ఆ ఇంట ఇంక వినబడదు. ఇంత చవగ్గా తేలిపోయే వ్యవహారానికి స్పీచ్ థెరపిస్టులంటూ ఒక వర్గం ఎందుకు పుట్టుకొచ్చిందో, వాళ్ళు మన కుటుంబ వ్యవస్థకు ఏం ద్రోహం చేస్తున్నారో బయటపెట్టక తప్పదు.

మొదటి దౌర్జన్యం చెవితో మొదలవుతుంది. నోరు తిరగడం లేదని తీసుకెళితే ముందు వినికిడి పరీక్ష చేయించమంటారు! తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి నిలిచిపోతుందట, అప్పుడు మాట మందంగా, అలుక్కుపోయినట్టు వినబడుతుందట. సరిగ్గా విననిది సరిగ్గా ఎలా అంటాడని పైగా ఎదురు ప్రశ్న. "మావాడికి చెవులు బ్రహ్మాండం, టీవీలో పాట వస్తే వంటింట్లోంచి పరిగెత్తుకొస్తాడు" అని అమ్మమ్మ సాక్ష్యం చెప్పినా చెల్లదు.

పోనీ మన వైద్యమైనా చేసుకోనిస్తారా? వస పోయవద్దంటారు. 'వస పోసిన పిట్ట' అన్న మాట భాషలో ఉన్నాక ఇంకా రుజువు కావాలా? వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం ఎలుకల్లో కణుతులు తెప్పించిందని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో కలపకుండా నిషేధించారట. ఆ ఎలుకలకు మాటలొచ్చాయో లేదో మాత్రం ఎవరూ చెప్పరు. వస అరగదీసి రాసేది నాలుక కొసకు, 'క' పలికేది నాలుక వెనక భాగం, రెంటికీ పొత్తేమిటని ఇంకో కుతర్కం. నాలుక కింద నరం కోయిద్దామన్నా ఇదే వరస. నాలుక కొస పై పళ్ళ వెనక్కి అందుతోందా, అందితే దాని జోలికి పోవద్దు, అసలు 'క'కు ఆ కొసతో పనే లేదు అంటారు.

నిజానికి దోషమంతా పిల్లల క్రమశిక్షణ లోపంలోనే ఉంది. మన వర్ణమాలలో హల్లుల వరస గొంతు దగ్గర 'క'తో బయల్దేరి, అంగిలి, పళ్ళు దాటి, పెదాల దగ్గర 'మ'కు చేరుతుంది. పిల్లల నోరు దాదాపు వెనకనుంచి చదువుతుంది: అమ్మ, పాప, మామ ముందు, తర్వాత తాత, ఆ తర్వాతెప్పుడో కాకి. 'ర' మరీ ఆలస్యం. ఈ అరాచకాన్ని అరికట్టడానికే మనం 'క' రాని పిల్లాడి చేత "కాకీక కాకికి కాక కేకికా" చదివిస్తాం. ఒక్క వాక్యంలో 11 తప్పులు చేసే సదవకాశం మరే పద్ధతిలో దొరుకుతుంది?

థెరపిస్టు అలా చేయదు. నేలమీద పిల్లాడికి ఎదురుగా, వాడి కళ్ళ ఎత్తుకు కూర్చుంటుంది. మిక్సీ, టీవీ ఆపించేస్తుంది. బొమ్మల కార్డులు తీస్తుంది: కోట-తోట, కోక-తోక, కల-తల. ముందు వాణ్ణి ఏమీ పలకమనదు. తను 'కోట' అంటే వాడు కోట బొమ్మ అందించాలి, అంతే. తేడా చెవికి పట్టిందని తేలాక పాత్రలు మారతాయి. ఇప్పుడు వాడు అడగాలి, ఆవిడ ఇవ్వాలి. వాడు కోక బొమ్మ మీద కన్నేసి "తోత" అంటాడు. ఆవిడ బుద్ధిగా తోక బొమ్మ తీసి చేతిలో పెడుతుంది. వాడు బిత్తరపోతాడు. బొమ్మకేసి చూస్తాడు, ఆవిడ మొహంకేసి చూస్తాడు, "అది తాదు!" అంటాడు. దీన్ని వాళ్ళు పాఠం అంటారు. ఒక్క తిట్టు లేదు! 'ర' బదులు 'ల' అనేవాళ్ళకు కారు-కాలు, వేరు-వేలు, పేరు-పేలు ఉన్నాయి. "నీ పేలేంటి?" అని అడిగించుకున్న మేనత్తలకు చివరి జంట ప్రాముఖ్యం వేరే చెప్పక్కర్లేదు.

శబ్దం బొత్తిగా పుట్టకపోతే పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. నాలుక దానంతటదే వెనక్కి జారుతుందట. కడిగిన వేలితో వాణ్ణే తన నాలుక కొసను కింది పళ్ళ వెనక అదిమి పట్టుకుని 'త' అనమంటారు. కొస కదలకపోయేసరికి వెనక భాగం లేచి 'క'లాంటిదేదో తన్నుకొస్తుంది. ఇదే పని మనం పెద్ద చెంచాతో చేస్తే లోపలికంటా పోయి, పాలన్నం బయటికొస్తుంది, ఆ పిల్లాడు మళ్ళీ నోరు తెరవడు. తర్వాత అక్క, ముక్కు, కుక్క. ద్విత్వంలో నాలుక వెనక ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది కాబట్టి చోటు గుర్తు పడుతుందని వాదన. 'కీ, కే' కంటే 'కూ, కో' ముందట, ఎందుకంటే 'ఊ, ఓ'లకు నాలుక అప్పటికే వెనక్కి ఉంటుంది. ఆ మీదట గుణింతం, మాటలు, రెండేసి మాటలు. పదింటికి ఎనిమిది సరిగ్గా వస్తేనే పై మెట్టు. ఇంతా చేసి ఇంటి దగ్గర సాధన ఎంతసేపయ్యా అంటే అయిదారు బొమ్మలతో అయిదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు! అయిదు నిమిషాలదాన్ని ట్యూషన్ అని నలుగురిలో ఎలా చెప్పుకోగలం? ఆదివారం గంటన్నర కూర్చోబెడతామంటే ఒప్పుకోరు.

ఆ అయిదు నిమిషాలు దాటాక దిద్దడం నిషిద్ధం. "తాతి వచ్చింది" అని వాడంటే "అవును, కాకి వచ్చింది. కాకి గోడమీద వాలింది. కాకికి అన్నం పెడదామా?" అనాలట. సరైన మాట మూడుసార్లు చెవిన పడుతుంది, వాణ్ణి ఒక్కసారీ అనమనం. ముద్దొచ్చి మనమూ "నా బంగాలుతొండా, తాతి తావాలా?" అనకూడదట. పొద్దున ముద్దుకు 'తాతి', సాయంత్రం గద్దింపుకు 'కాకి' అనే మన సమతూకం వీళ్ళకు అర్థం కాదు.

"వాళ్ళ నాన్నకూ అయిదేళ్ళకు గాని నోరు తిరగలేదు" అన్న ప్రామాణిక వాక్యాన్ని కూడా గౌరవించరు. ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, మూడేళ్ళు దాటాక పరాయివాళ్ళకు సగానికి సగం అర్థం కాకపోయినా తీసుకురమ్మంటారు. వచ్చిన మాటలు పోతుంటే ఒక్క వారం కూడా ఆగవద్దంటారు. 'ర, ళ, ష'లకు మాత్రం అయిదేళ్ళదాకా తొందరేం లేదట. ఒత్తుల సంగతి తేల్చేవాళ్ళు ఎవరూ లేరు, ఎందుకంటే పిల్లాడు 'భ' పలకలేదని తీర్పిచ్చిన పెదనాన్నే "బోజనం తయారా?" అంటూ లేస్తాడు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద, పిల్లల లోపాలను తొందరగా పట్టి చికిత్స చేయడానికి పెట్టిన జిల్లా డీఈఐసీ కేంద్రాల్లో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు, కాబట్టి పరువుగల కుటుంబాలు అటు వెళ్ళవు. ప్రైవేటుకే వెళతామంటే థెరపిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూసుకోమంటారు. అదీ న్యాయమేనా? 'నలభై రోజుల్లో మాటలు, గ్యారంటీ' అని బోర్డు కట్టినాయన నంబరు లేకుండానే హామీ ఇస్తున్నాడు. నంబరున్నావిడ పిల్లాణ్ణి చూడందే నెలల లెక్క చెప్పదు, చూశాక కూడా "ఇంట్లో రోజూ వీడితో కూర్చునేది ఎవరండీ?" అని మనల్నే ఎదురడుగుతుంది.