మేడలు వాలరాదు, వంతెనలు వంగవచ్చు

పై నుంచి తీసిన ఫొటో అబద్ధం చెప్పదని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చల్లగా ఉండాలి. విమానంలోని కెమెరాకు సరిగ్గా కిందున్నదే నిటారుగా కనిపిస్తుంది. పక్కనున్నవన్నీ దాన్ని చూసి జడుసుకున్నట్టు వెనక్కి వాలతాయి. 3000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి కిలోమీటరు పక్కన 60 మీటర్ల మేడ ఉందనుకోండి. ఫొటోలో దాని పైకప్పు పునాదికి సుమారు 20 మీటర్లు అవతల పడుతుంది. ఏ పాపమూ ఎరగని మేడ పక్క స్థలంలో తల పెట్టి ఆక్రమణదారు అనిపించుకుంటుంది.

ఈ అరాచకాన్ని అణచడానికే ఆర్థోఫొటో వచ్చింది. కెమెరా ఎక్కడుంది, ఎటు ఒరిగింది, నేల ఎత్తుపల్లాలేమిటి అన్నీ లెక్కగట్టి ప్రతి పిక్సెల్‌నూ మెడపట్టి దాని చోట కూర్చోబెడతారు. ఇక ప్రతి బిందువునూ నెత్తి మీద నుంచే చూస్తున్నట్టుంటుంది. అలా చూడటం ఏ గద్దకూ చేతకాదు. కొలతకు పనికొచ్చేది మాత్రం ఎవరూ చూడని ఈ దృశ్యమే.

అయితే కొండలకు అబ్బిన క్రమశిక్షణ మేడలకు అబ్బలేదు. మామూలు ఆర్థోకు వాడే ఎత్తుల నమూనా ఒట్టి నేలది. అందులో మేడలే లేవు, ఇక వాటి వాలు సర్దేదెవరు? పునాది చట్టబద్ధం, పైకప్పు స్వేచ్ఛాజీవి. వంతెనల గతి ఇంకా ఘోరం. నమూనాలో లోయ ఉంది, వంతెన లేదు. సాఫ్ట్‌వేర్ పాపం నమూనాను ధిక్కరించలేదు. వంతెనను లోయ ఎత్తుకు సరిదిద్దేసరికి తిన్నని రోడ్డు కాస్తా మెలికలు తిరుగుతుంది.

మేడల ఎత్తులు కూడా లెక్కలోకి తీసుకునే ట్రూ ఆర్థో ఉంది, ఖర్చు భరించగలిగితే. మేడ నిలబడగానే దాని చాటున ఫొటోకు దొరకని వీధి ఖాళీగా తేలుతుంది. ఆ ఖాళీని మరో ఫొటోతో పూడుస్తారు. ఇలాంటి అతుకుల దగ్గరే సగం కారు, మిగతా సగం లేదన్న టెన్షన్ లేకుండా సాగిపోతుంటుంది.

ఇంత చేశాక ఫొటోకూ నేలకూ తేడా ఎంత మిగిలిందో నివేదికలో రాస్తారు. దాన్నెవరు చదువుతారు? ఒక్కో పిక్సెల్ నేల మీద 30 సెంటీమీటర్లు అని వినగానే ప్రహరీ కూడా అంత కచ్చితంగా ఉందని తీర్మానించేస్తాం. స్పష్టంగా కనబడటం వేరు, సరైన చోట కనబడటం వేరు అని చెప్పబోతే, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు.

కాబట్టి పెద్దలకు నాదొక విన్నపం. ఇకపై ఫొటోకూ నేలకూ తేడా వస్తే నేలనే సవరించండి. ప్రహరీలు ఈ నెలలో జరపండి. వంతెనలను ఫొటోలో ఉన్నట్టే వంచి కట్టండి. నదులకు నోటీసిచ్చి వర్షాకాలం దాకా గడువివ్వండి.