వరల్డ్ జూనియర్స్‌లో మనకొచ్చింది ఒక్క మెడలేనా?

2025 అక్టోబర్ 19, ఆదివారం, తెల్లారితే దీపావళి. గువాహటిలో తన్వీ శర్మ బ్యాడ్మింటన్ వరల్డ్ జూనియర్స్ (జూనియర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్) సింగిల్స్ ఫైనల్ ఓడిపోయి పావుగంట అయిందో లేదో మా వాట్సాప్ గ్రూపులో మొదలెట్టేశారు, చేతికందింది నోటికి అందలేదు, ప్రెషర్ తట్టుకోలేదు, ఇలాగైతే తర్వాతి సింధు ఎలా అవుద్ది అని. ఒరే బాబూ, పదహారేళ్ల పిల్లరా అది! 2008లో పుణెలో సైనా గోల్డ్ కొట్టాక పదిహేడేళ్లకి మళ్లీ ఒక ఇండియన్ అమ్మాయి ఆ ఫైనల్ దాకా వచ్చింది. క్వార్టర్స్‌లో జపాన్ అమ్మాయితో మొదటి గేమ్ పోగొట్టుకుని మరీ గెలిచింది, సెమీస్‌లో చైనా అమ్మాయిని రెండు గేముల్లో పంపించేసింది. ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి అన్యాపత్ బాగా ఆడింది, 15-7, 15-12, అయిపోయింది. పైగా ఈసారి గేముకి 21 కాదు 15 పాయింట్లే, నాలుగైదు షాట్లు అటూఇటూ అయితే తేరుకునేలోపే గేమ్ చెయ్యి జారిపోద్ది.

ఇంకో మాట, ఈ తర్వాతి సింధు అంటున్న వాళ్లకి. సింధుకి అసలు వరల్డ్ జూనియర్స్ మెడలే లేదు. 2012లో ఏషియన్ జూనియర్స్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరని ఓడించింది, అదే ఏడాది వరల్డ్ జూనియర్స్ గెలిచింది మాత్రం ఆ ఒకుహరనే. 2010 వరల్డ్ జూనియర్స్ చూడండి, డెన్మార్క్ కుర్రాడు అక్సెల్సన్‌కి గోల్డ్, మన సాయి ప్రణీత్‌కి, ప్రణయ్‌కి బ్రాంజ్. ఆ ప్రణయ్ 2023లో కోపెన్‌హాగన్‌లో అక్సెల్సన్‌ని వాళ్ల సొంత దేశం జనం ముందే ఓడించి సీనియర్ వరల్డ్స్ మెడల్ తెచ్చుకున్నాడు, అప్పటికి 31 ఏళ్లు. మరి 2010లోనే జాతకం రాసేసి ఉంటే?

సరే, నాకు అసలు మండేది ఇది కాదు.

అదే గువాహటిలో ఫైనల్‌కి వారం ముందే మనవాళ్లు అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే టీమ్‌గా ఆడే మిక్స్‌డ్ టీమ్ ఈవెంట్‌లో, అదే సుహాందినాతా కప్‌లో, బ్రాంజ్ తెచ్చారు. ఇండియాకి అందులో అదే మొట్టమొదటి మెడల్. మా గ్రూపులో ఎవడూ కిక్కురుమనలేదు, నేను పోస్ట్ చేస్తే రెండు చప్పట్ల ఎమోజీలు, అందులో ఒకటి మా ఆవిడది.

ఆ ఫార్మాట్ ఒకసారి చూస్తే మీకే అర్థమవుద్ది. సెట్‌కి 45 పాయింట్లు, సింగిల్స్ రెండు, డబుల్స్ రెండు, మిక్స్‌డ్ డబుల్స్ ఒకటి, రిలే లాగా ఒకరి తర్వాత ఒకరు. మొదటివాళ్లు 9 దాకా ఆడతారు, తర్వాతి వాళ్లు ఆ స్కోర్ దగ్గర్నుంచే 18 దాకా లాగాలి. నువ్వు కోర్టులోకి వచ్చేసరికి బోర్డు మీద 5-9 ఉండొచ్చు, నీ తప్పేం లేకపోయినా ఆ బాకీ నీదే. ఒక్క స్టార్ ఉన్నంత మాత్రాన ఈ ఫార్మాట్‌లో పనవ్వదు. క్వార్టర్స్‌లో కొరియాతో మొదటి సెట్ 44-45తో పోయింది, ఒక్క పాయింట్! అలా పోయాక ఏ టీమ్‌కైనా కాళ్లు లాగేస్తాయి. వీళ్లేమో తర్వాత రెండు సెట్లూ 45-30, 45-33తో లాగేసుకున్నారు. సెమీస్‌లో ఇండోనేషియా చేతిలో ఓడారు, సెమీస్‌లో ఓడిన రెండు టీమ్‌లకీ బ్రాంజే, మూడో స్థానానికి వేరే మ్యాచ్ ఉండదు.

ఆ టీమ్‌లో డబుల్స్ ఆడిన పిల్లల పేర్లు ఎంతమందికి తెలుసు? భార్గవ్ రామ్ అరిగెల, విశ్వతేజ్ గొబ్బూరు. కలగోట్ల వెన్నెల కూడా రేషికతో కలిసి డబుల్స్ ఆడింది, జూలైలో ఏషియన్ జూనియర్స్ సింగిల్స్‌లో బ్రాంజ్ తెచ్చిన పిల్లే. ఇంటిపేరు వింటేనే మన పిల్లలని తెలిసిపోతోందిగా, అయినా మన తెలుగు గ్రూపుల్లోనే చడీచప్పుడూ లేదు.

మా అబ్బాయిని తీసుకెళ్లే అకాడమీలో సాయంత్రం పేరెంట్స్ అందరం గోడవార ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటాం. మొన్నొకాయన, కోచ్ వాళ్లబ్బాయిని డబుల్స్‌కి మార్చుదామన్నాడని మొహం వేలాడేసుకుని, "మావాడు సింగిల్స్‌కి పనికిరాడనేగా సార్ దానర్థం" అంటున్నాడు. అదేదో డిమోషన్ ఆర్డర్ అందుకున్నట్టు. అమలాపురం కుర్రాడు సాత్విక్ చిరాగ్‌తో కలిసి 2023లో వరల్డ్ నంబర్ వన్ అయింది డబుల్స్‌లోనే కదండీ అంటే, "వాళ్లంటే వేరే లెండి" అన్నాడు. ఏం వేరే? వాళ్లూ ఏదో ఒక రోజు ఇలాంటి కుర్చీల ముందు ఆడిన పిల్లలే కదా.

వరల్డ్ జూనియర్స్‌లో మన గోల్డ్, సిల్వర్ లిస్ట్ తీస్తే అపర్ణా పోపట్, సైనా, సిరిల్ వర్మ, శంకర్ ముత్తుసామి, ఇప్పుడు తన్వీ, అందరూ సింగిల్సే. ఇంట్లోంచి ఆ కుర్చీల దాకా ఇదే ధోరణి ఉంటే లిస్ట్ ఇంకెలా ఉంటది?

తన్వీ ఫైనల్ హైలైట్స్ అందరూ ఫార్వర్డ్ చేశారు, మంచిదే. కొరియా మ్యాచ్ వీడియో దొరికితే అది కూడా చూడండి, మొదటి సెట్ నుంచే చూడండి, ఆ 44-45 దగ్గర స్కిప్ కొట్టకుండా.