యుద్ధంలో అమ్మోనియా చేరింది పొలాలకు కాదు
గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే హేబర్-బాష్ పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీని ఆకలి నుంచి గట్టెక్కించిందని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాటతో నేను ఏకీభవించలేను. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో సాధించిన ప్రక్రియను కార్ల్ బాష్ పరిశ్రమ స్థాయికి తెచ్చి, 1913లో జర్మనీలోని ఓపావ్‌లో కర్మాగారం నడిపించింది ఎరువుల కోసమే. కానీ మరుసటి ఏడాదే యుద్ధం వచ్చి, ఎరువులకూ మందుగుండుకూ ముడిసరుకుగా చిలీ నుంచి రావలసిన నైట్రేటును బ్రిటిష్ నౌకాదళం అడ్డుకోవడంతో, ఆ అమ్మోనియా నైట్రిక్ ఆమ్లంగా మారి మందుగుండు తయారీకి మళ్లింది. పొలాలకు ఎరువు కరువైంది. 1916-17 చలికాలంలో బంగాళాదుంపలు కూడా చాలక జనం పశువులకు వేసే టర్నిప్ జాతి దుంపలు తిని బతికారు. ఈ పద్ధతి లేకపోతే జర్మనీ అన్నేళ్లు యుద్ధం చేయగలిగేదే కాదని నా అభిప్రాయం. అలాగని దాని మేలును నేను కాదనడం లేదు. చిన్నప్పుడు మా నాన్న వరి మడిలో అమ్మోనియా నుంచి తయారయ్యే యూరియా చల్లుతుంటే బేసిన్ పట్టుకుని వెనకే నడిచేవాణ్ణి. తడి చేతిలో ఆ తెల్లని గుళికలు కరుగుతూ చల్లగా తగలడం, కొద్ది రోజులకే పైరు పచ్చబడటం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. జర్మనీ రైతుకు ఆ పచ్చదనం పెద్ద ఎత్తున అందింది మాత్రం యుద్ధం ముగిశాకే.