ముందు బ్రేకు ముట్టుకోవద్దట!

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంటు గ్రూపు, ఆఫీసు గ్రూపు, పండక్కి ఊరెళ్లే బస్సు టికెట్ల గ్రూపు, ఏదీ వదల్లేదు. "టూవీలర్ నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన ఆరు రహస్యాలు" అని దాని పేరు. ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుంది కాబట్టి వెనకదే వాడాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంటే మలుపులో కూడా ఎంత గట్టిగానైనా నొక్కొచ్చు. మలుపులో హ్యాండిల్ కదపకుండా ఒళ్లు వంచితే చాలు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుంది. వానాకాలం టైర్లలో గాలి తగ్గించాలి. చైనుకు పాత ఇంజిన్ ఆయిల్‌ను మించిన మందు లేదు. ఇవీ ఆ ఆరూ.

మొదటిదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మన ఇళ్లల్లో బండి నేర్పేటప్పుడు నాన్నలు, మేనమామలు చెప్పే మొదటి మాట కూడా అదే కాబట్టి అది మనుషుల చేతుల్లో పాతుకుపోయింది.

బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది. నిలబెట్టిన బండిలో బరువు రెండు చక్రాల మీద దాదాపు సమానంగా ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముప్పాతిక పైచిలుకు ముందు చక్రం మీదకి వెళ్లిపోతుంది. టైరును నేలకేసి అదిమేది ఆ బరువే. అంటే ఆ క్షణంలో రోడ్డును బాగా పట్టుకోగలిగేది ముందు టైరు. తేలిపోయిన వెనక చక్రాన్ని కాలితో ఎంత తొక్కినా అది లాక్ అయి, కీచుమని జారి, తోక ఊపుతుందే తప్ప బండిని త్వరగా ఆపదు.

లెక్క వేసి చూద్దాం. పొడి రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం. రెండు బ్రేకులూ సరిగ్గా వాడే మనిషి, బ్రేకు పట్టుకున్నాక 14 మీటర్లలో ఆపగలడు. వెనకది ఒక్కటే వాడితే ఆపే శక్తి సగానికి పడిపోతుంది, 28 మీటర్లు కావాలి. తేడా 14 మీటర్లు, బీఎంటీసీ పెద్ద బస్సు పొడుగు కన్నా ఎక్కువ. ఇంకోలా చూస్తే, మొదటి మనిషి కాలు కింద పెట్టేసిన చోటును రెండో మనిషి ఇంకా 35 కిలోమీటర్ల వేగంతో దాటుతుంటాడు. మారతహళ్ళి బ్రిడ్జి కింద ముందున్న ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు ఆ 35తో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మరి ముందు బ్రేకు వేసి పడ్డవాళ్లు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు, నిజంగానే పడ్డారు. బరువు ముందుకు రాకముందే లివర్‌ను గుప్పిట్లోకి ఒక్కసారిగా లాగేశారు. లేదా హ్యాండిల్ తిరిగి ఉండగా పట్టుకున్నారు. లేదా చక్రం కింద ఇసుక ఉంది. మెసేజీలోని సగం నిజం ఇదే: మెల్లగా యూటర్న్ తీసుకునేటప్పుడు, మట్టి పరుచుకున్న సందు మలుపులో, వెనక బ్రేకే మేలు. మిగతా చోట్ల లివర్‌ను ఎలా పట్టుకున్నామన్నదాని మీదే అంతా ఉంటుంది. రెండు వేళ్లు లివర్ మీద పెట్టి, ముందు కొద్దిగా నొక్కితే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే షాక్ అబ్జార్బర్ గొట్టాలు) దిగుతుంది. అది దిగాక టైరు నేలను కరుచుకుంటుంది, అప్పుడు ఇంకా గట్టిగా పిండొచ్చు. ఈ మొత్తం ఒక సెకనులోపే జరగాలి. ఆదివారం పొద్దున్నే ఊరి చివర ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ రోడ్డు చూసుకుని 30 వేగంతో సాధన చేయండి. ఫోర్కు మెరిసే గొట్టానికి ఒక కేబుల్ టై బిగించి కిందికి జరిపి పెట్టండి. బ్రేకు వేశాక ఆగి చూస్తే అది పైకి ఎంత జరిగిందో కనిపిస్తుంది. మీ చెయ్యి మెల్లగా ఎంత పని చేయించగలదో దానికన్నా బాగా ఏ మెసేజీ చెప్పలేదు.

కేఆర్ పురం దగ్గర నా బండి చూసే మెకానిక్‌ది పలమనేరు. ఈ మాట ఎత్తగానే నవ్వాడు. "వెనక షూలు అరిగిపోయి ఇనుము తగల్తా ఉంటాదన్నా, ముందరవి జూస్తే కొత్తవి మాదిరి ఉంటాయి. కొంతమందయితే ముందర బ్రేకు లూజు పెట్టమంటారు, పిల్లోడు పొరపాటున పట్టేస్తాడంట." ప్రాణం కాపాడే బ్రేకును డబ్బులిచ్చి మరీ లూజు చేయించుకోవడం!

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ లోపు బళ్లకు సీబీఎస్ (ఒక్క లివర్‌తోనే రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు) గానీ ఏబీఎస్ గానీ ఉండాలని, అంతకు మించినవాటికి ఏబీఎస్ తప్పనిసరి అని నిబంధన పెట్టారు. సీబీఎస్ ఉన్న స్కూటర్‌లో ఎడమ చేతి లివర్ పట్టుకుంటే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. "నేను ముందు బ్రేకు వాడనే వాడను" అనే మా అపార్ట్‌మెంటు పెద్దాయన ఏళ్ల తరబడి రోజూ వాడుతూనే ఉన్నారు, ఆయనకి తెలీదంతే.

రెండోది, ఏబీఎస్ మాట. 150, 160 సీసీ బళ్లు చాలావాటికి ఉండేది సింగిల్ ఛానల్ ఏబీఎస్, అంటే ముందు చక్రానికి మాత్రమే. వెనకది లాక్ అవుతుంది, జారుతుంది. మెసేజీ మాట విని వెనక బ్రేకు మీదే ఆధారపడేవాడు, కాపలా ఉన్న చక్రాన్ని వదిలేసి లేనిదాన్ని తొక్కుతున్నాడన్నమాట. ఇక మలుపు సంగతి. టైరుకుండే పట్టు మన జీతం లాంటిది. బండి వంగగానే అందులోంచి పీజీ అద్దె కోసేసినట్టు కొంత పోతుంది, మిగిలినదాంట్లోంచే బ్రేకు ఖర్చు పెట్టుకోవాలి. మామూలు ఏబీఎస్‌కు బండి ఎంత వంగిందో తెలియదు. వంపును లెక్కలోకి తీసుకునే కార్నరింగ్ ఏబీఎస్ కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి ఖరీదైన బళ్లలోనే ఉంటుంది. అందుకే గట్టి బ్రేకంతా మలుపు రాకముందు, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి. రోడ్డు మీద గులకరాళ్లుంటే ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుందన్నది కూడా గుర్తుండాలి.

మూడోది, ఒళ్లు వంచితే చాలన్న మాట, నాకు సరదాగా అనిపించింది, ఎందుకంటే మెసేజీ రాసినాయన కూడా రోజూ దీనికి విరుద్ధంగానే నడుపుతుంటాడు. పాతిక కిలోమీటర్ల వేగం దాటాక ఏ టూవీలరైనా తిరిగేది హ్యాండిల్‌తోనే, అదీ తిరకాసుగా. కుడికి వెళ్లాలంటే కుడి గ్రిప్పును ముందుకు నెట్టాలి. చక్రం రవ్వంత ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది. దీన్నే కౌంటర్ స్టీరింగ్ అంటారు. ఒళ్లు వంచినప్పుడు మనకు తెలియకుండా చేతులు ఈ పనే చేస్తుంటాయి. అమెరికాలో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్ దీన్ని తేల్చడానికి ఒక బండికి కదలని రెండో హ్యాండిల్ బిగించాడు. దాన్ని పట్టుకుని ఒంటితోనే తిప్పబోయినవాళ్లకి బండి కాస్త అటూ ఇటూ పోయింది గానీ సరైన మలుపు మాత్రం చేతకాలేదు. ఈ సంగతి తెలిసి నడపడం ఎందుకంటే, గుంట హఠాత్తుగా కనిపించినప్పుడు తెలియనివాడు బిగుసుకుపోయి దాన్నే చూస్తూ దాంట్లోకే పోతాడు. తెలిసినవాడు కళ్లు పక్కనున్న ఖాళీ మీద పెట్టి, ఆ వైపు గ్రిప్పు నెడతాడు.

న్యూట్రల్ సలహా నంది హిల్స్ మీద తెల్లారి ఎనిమిదింటికి చూడాలి, గుంపులు గుంపులుగా దిగుతుంటారు. పెట్రోలు మిగులుతుందన్నది కార్బురేటర్ రోజుల నమ్మకం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వాటిలో చాలావరకు, గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి దిగుతుంటే ఇంజిన్‌కు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఐడిల్ తిరగడానికి తాగుతూనే ఉంటాయి. పైగా గేర్‌లో ఉన్నప్పుడు బండిని వెనక్కి పట్టి ఉంచే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డిస్క్ బ్రేకు ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే లివర్ మెత్తగా గ్రిప్పు దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆ ఫ్లూయిడ్ మార్చమనేది అందుకే. ఏ గేర్‌లో ఎక్కారో దాదాపు అదే గేర్‌లో దిగండి. గేర్లు లేని స్కూటర్‌కు మెల్లగా పోయేటప్పుడు ఇంజిన్ పట్టు ఉండదు కాబట్టి, పైనుంచే నెమ్మదిగా బయల్దేరి రెండు బ్రేకులూ పట్టుకుంటూ వదులుతూ దిగాలి.

వానలో గాలి తగ్గించడం గురించి పొడుగ్గా చెప్పనవసరం లేదు. టైరు నీళ్ల మీద తేలడం మొదలయ్యే వేగం గాలి ఒత్తిడిని బట్టి ఉంటుందని నాసావాళ్లు 1960లలోనే విమానం టైర్ల మీద తేల్చారు. గాలి తగ్గితే ఆ వేగమూ తగ్గుతుంది. చైన్ కవర్ మీదో మాన్యువల్‌లోనో రాసినంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు, ఎండైనా వానైనా అంతే. బెంగళూరు వానలో మనల్ని పడేసేవి వేరే ఉన్నాయి. మెట్రో పనుల దగ్గర గుంతల మీద పరిచిన ఇనుప పలకలు, జీబ్రా గీతల పెయింటు, చెట్ల కింద నలిగిన పచ్చపూలు, మొదటి జల్లుకు పైకి తేలే ఆయిలు. అన్నిటికన్నా మోసకారి వైట్ టాపింగ్ రోడ్డు (పాత తారు మీద సిమెంటు పరిచినది) అంచు. సిమెంటుకూ పాత తారుకూ మధ్య నాలుగు వేళ్ల మెట్టు, వాన పడితే నీళ్లలో కనపడదు. దాని వెంబడే పోతూ పోతూ ఎక్కబోతే ముందు చక్రం అంచుకు రాసుకుని పక్కకు లాగేస్తుంది. వేగం తగ్గించి, దాన్ని వీలైనంత అడ్డంగా దాటాలి.

చివరిది చైను. ఇంజిన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దితే మెత్తగానే ఉంటుంది, కానీ అందులో అరిగిన ఇనుప పొడి ఉంటుంది. చైను మీద రోడ్డు దుమ్ము కూడా కలిశాక అది స్ప్రాకెట్ పళ్లను అరగదీసే ముద్దవుతుంది. ఓరింగ్ చైనుకు పెట్రోలు, వైరు బ్రష్షు తగిలిస్తే లోపలి గ్రీజును కాపాడే రబ్బరు చుట్లు పాడవుతాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక, బండి తిప్పి వచ్చిన వేడి మీద చైన్ లూబ్ గానీ 90 గేర్ ఆయిల్ గానీ లోపలివైపు పలచగా వేస్తే చాలు. చక్రాన్ని చేత్తోనే తిప్పండి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి గుడ్డ పట్టుకోవడం వేళ్లు పోగొట్టుకునే పద్ధతి. జేసీ రోడ్డులో చైన్ లూబ్ కొనేటప్పుడు ఇంజిన్ ఆయిల్ డబ్బా కూడా తిప్పి చూడండి: గేర్ల బండికి జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ2 అనో ఎంఏ అనో ఉండాలి, ఎంబీ అని ఉంటే అది స్కూటర్‌ది, గేర్ల బండిలో పోస్తే క్లచ్ జారొచ్చు.